ఆవులింత కొండకు అడుగు ఉందా?

ఆ శనివారం ఉదయం నూరిస్ వేసుకున్న పథకం అతి సామాన్యమైనది. తండ్రిని బర్రాంకియాలో బస్సెక్కించి ఎల్ బోస్తేసోకు తీసుకుపోవడం, బురదలో కూర్చోబెట్టడం, బాగా నానాక మడుగులో కడిగించడం, కొబ్బరి అన్నంతో వేయించిన చేప పెట్టించడం, ఆయన చివరి ముల్లును పళ్ళెం అంచున చేర్చి తృప్తిగా నిట్టూర్చే క్షణం చూసి, తాను రూబియెల్‌ను పెళ్ళి చేసుకోబోతున్నానని చెప్పడం. ఇందులో సామాన్యం కానిది చివరి అంశం ఒక్కటే. రూబియెల్ కార్తహేనాలో ఉండే దోన్ అబుందియో కొడుకు.

ఎల్ బోస్తేసో అంటే ఆవులింత. సముద్రానికీ రహదారికీ నడుమ నిలిచిన ఆ బురద అగ్నిపర్వతం, చీమలపుట్టను ఎవరో అతిగా పొగిడితే ఉబ్బిపోయినట్టు ఉంటుంది. నెత్తిన నోరు తెరుచుకుని, నోటినిండా బూడిదరంగు బురద పెట్టుకుని, తోచినప్పుడు ఒక బుడగ వదులుతుంది. జనం మెట్లెక్కి వెళ్ళి అందులో దిగి కూర్చుంటారు. మునిగిపోదామన్నా అది మునగనివ్వదు. పూర్వం అది నిప్పులు కక్కేదనీ, లోపల కాపురమున్న దయ్యం మీద ఒక పాదిరీ పవిత్రజలం చల్లగా దయ్యం కిందికీ బురద పైకీ చేరాయనీ ఆ ప్రాంతపు వాడుక.

దోన్ ఎవరిస్తో (దోన్ అంటే అక్కడ 'గారు' అన్నమాట), అనగా నూరిస్ తండ్రి, బడిలో భూగోళం చెప్పి పదవీ విరమణ చేసిన పండితుడు. ఒకానొక దుర్ముహూర్తాన ఆయన పత్రికలోని పాఠకుల పేజీలో, 'ప్రతి గిన్నెకూ ఉన్నట్టే ఈ కొండకూ అడుగు ఉండితీరాలి' అని ప్రకటించాడు. మరుసటి వారమే విశ్రాంత నోటరీ దోన్ అబుందియో, 'చూసిన సాక్షి ఒక్కడూ లేని అడుగును ఉన్నట్టు నమోదు చేయజాలము. ఆ బిలము భూగర్భమునకే తలవాకిలి' అని ప్రతిఘటించాడు. అటుపైన సాగిన సంగ్రామంలో గ్రీకులూ రోమనులూ బైబిలు ప్రవక్తలూ వచ్చి ఇరుపక్షాలా సాక్ష్యం చెప్పారు. సంపాదకుడు చేతులెత్తేసి ఆ పేజీనే ఎత్తేశాక, ఇద్దరూ నేరుగా తపాలాలో తిట్టుకోసాగారు. ఇన్నేళ్ళలో ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. ఆ కొండ మీద కాలు పెట్టిన పాపాన కూడా ఇద్దరూ పోలేదు. చూస్తే వాదనకు పదును తగ్గుతుందని కాబోలు.

"ఆ అడుగులేనివాడి ఇంట్లో నేను కాఫీ తాగిన రోజున, నా భూగోళం తీసుకెళ్ళి వీధిలో బంతాట ఆడుకోండి," అన్నది దోన్ ఎవరిస్తో శపథం. భూగోళమంటే బడివారు వీడ్కోలు కానుకగా ఇచ్చిన గోళం. దాన్ని తుడవడానికి ఆయన కూతురిని కూడా ముట్టనివ్వడు.

నూరిస్‌కు నలభై దగ్గర పడుతోంది. సొంత కళ్ళద్దాల దుకాణముంది. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన ఘనత ఉంది. ఎవరి అనుమతీ అవసరం లేకుండా పెళ్ళి చేసుకోగలదు. కానీ తల్లి పోయినప్పటి నుంచి ప్రతి ఉదయం తండ్రీ కూతుళ్ళు వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, కాఫీ తాగుతూ, ఏ ఖండం గురించో పోట్లాడుకోవడం ఆ ఇంటి ఆచారం. ఆ కాఫీ తెగిపోయే పెళ్ళి ఆమెకు అక్కరలేదు.

విచిత్రమేమంటే, సముద్రానికి రమ్మన్నా ఇసుక అంటుతుందని రాని మనిషి, బురదస్నానం అనగానే మాట పూర్తికాకముందే ఒప్పుకున్నాడు. ఆ ఉదయం బయలుదేరుతుంటే వంటింటి తలుపు ధడేల్మని కొట్టుకుంది. గాలి కాబోలనుకుంది నూరిస్. ఏ గాలికీ కొట్టుకోకుండా ఆ తలుపును ఏళ్ళ తరబడి ఆపి ఉంచిన వస్తువు తండ్రి సంచిలోకి చేరిందని ఆమె అనుకోలేదు. సంచి మాత్రం బస్సెక్కినప్పటి నుంచీ అనుమానాస్పదంగా ఉంది.

"నాన్నా, ఏముంది ఇందులో? రాళ్ళా?"

"మందులు."

"నువ్వు వేసుకునేది ఒక్క బీపీ మాత్రేగా!"

"మోతాదు పెంచారు," అని దోన్ ఎవరిస్తో కిటికీలోంచి మొక్కజొన్న చేలను అమితాసక్తితో చూడసాగాడు.

బస్సు దిగాక మోటారుసైకిలు మీద మట్టిదారిన సాగిన ఆ దండయాత్రలో, సంచి ప్రతి గుంట దగ్గరా చోదకుడి వీపున ఒక్కటి వేసింది. "తాతగారూ, మందులు కాస్త అటు తిప్పుకోండి, నాకే జబ్బు వచ్చేలా ఉంది," అని అతడు మొరపెట్టుకుంటూనే వాళ్ళను కొండ కింద దింపాడు.

పైన, బురద గుంట అంచున, ఒళ్ళు రుద్దే విల్మర్ ఎదురొచ్చాడు. వయసు మళ్ళిన ప్రతి మగవాడినీ 'మాస్టారూ' అనీ, మిగిలినవారందరినీ 'డాక్టరుగారూ' అనీ పిలవడం ఆ తీరంలో మర్యాద. పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ తప్పుతుంది. పిలిపించుకున్నవాడికి ఒక పట్టా దక్కుతుంది. బురద పూసుకున్నాక అందరూ ఒకే అచ్చులో పోసిన బొమ్మలవుతారు కనుక విల్మర్‌కు అది వృత్తిరీత్యా కూడా కలిసొచ్చింది.

"మాస్టారూ, బురదలోకి నడుముకి తువ్వాలెందుకండీ?"

"నడుముకు చలి."

"ఈ ఎండలోనా?"

"నా నడుము వేరు."

"మీ ఇష్టం. డాక్టరమ్మా, మీ కళ్ళజోడు ఇలా ఇవ్వండి, లోపల పడితే మళ్ళీ దొరకదు."

"దొరకదా?" అన్నాడు దోన్ ఎవరిస్తో, చెవులు నిక్కించి. "అంటే ఎంత లోతుంటుంది?"

"ఇందులో మునిగినవాడు లేడు మాస్టారూ. మునగనివాళ్ళకి అడుగుతో ఏం పని?"

దోన్ ఎవరిస్తో ఈ జవాబును తక్కువ మార్కుల జవాబుగా లెక్కగట్టి, నిచ్చెన దిగాడు. నూరిస్ వెనకే దిగి పక్కకు జరిగింది. చల్లగా, నున్నగా, రుబ్బిన పిండిలా ఉన్న ఆ బురద ఆమెను కింది నుంచి పైకి నెట్టింది. కాళ్ళ కింద ఏమీ లేదు, అయినా పడిపోవడం లేదు. ఆ వింతకు ఆమెకు నవ్వొచ్చింది. ఈ కిందెక్కడో ఏముంటుందో అని, జన్మలో మొదటిసారి, తండ్రికి కలిగే కుతూహలం ఆమెకూ కలిగింది. ఇంతలో విల్మర్ ఒక దోసెడు బురద తెచ్చి ఆమె నెత్తిన పోసి, ఆ తాత్త్విక చింతనకు మంగళం పాడాడు.

అవతలి అంచున రూబియెల్ కనబడ్డాడు. అతడి వెడల్పాటి భుజాలను బురద దాచలేకపోయింది. పథకం ప్రకారం అతడు ఒంటరిగా వచ్చి, యాదృచ్ఛికంగా తటస్థపడాలి. కానీ ఆ ఉదయం అతడు తువ్వాలు మడవడం చూసి, "ఆవులింతకా? నేనూ వస్తా," అని దోన్ అబుందియో ఎన్నడూ లేనంత వేగంగా చెప్పులు తొడుక్కున్నాడు. ఆ సంగతి నూరిస్‌కు తెలియజేయాలని రూబియెల్ ఇప్పుడు రెండు చేతులూ ఎత్తి ఊపసాగాడు. వద్దు, వద్దు, ఇప్పుడు నోరు తెరవొద్దు అని అతడి భావం. కళ్ళజోడు లేని నూరిస్‌కు అది, కానియ్, కానియ్, ఇదే సమయం అన్నట్టు తోచింది.

ప్రేమించినవాడు అంత ధైర్యం చెబుతుంటే భోజనం దాకా ఆగడమెందుకు? ఆమె బురదను చేతులతో తోసుకుంటూ, బట్టతలతో, బక్కపలుచని భుజాలతో గంభీరంగా ఒక మూల ఆనుకుని ఉన్న మట్టిబొమ్మ పక్కకు చేరింది. ఆ బొమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

"నాన్నా, నేనొకటి చెప్పాలి. మధ్యలో మాట్లాడకు."

బొమ్మ మాట్లాడలేదు. తల ఒకసారి ఊపింది.

"నేను రూబియెల్ అనే అతన్ని పెళ్ళి చేసుకుంటున్నా. మంచివాడు. దుకాణానికి చూపు బాగాలేదని వచ్చాడు. చూపు బాగానే ఉందని చెప్పినా మళ్ళీ మళ్ళీ వచ్చాడు." తల మరోసారి ఊగింది. "అతను... ఆ దోన్ అబుందియో కొడుకు నాన్నా. నీ అబుందియో." తల ఆగిపోయింది. "నువ్వు కోప్పడతావని తెలుసు. కానీ నువ్వు రాని పెళ్ళి నాకొద్దు. పెళ్ళయ్యాక కూడా పొద్దున్న కాఫీ నీతోనే తాగుతా. అతనికీ చెప్పేశా. ఆ కొండకి అడుగుంటే ఎంత, లేకపోతే ఎంత నాన్నా? నాకు నువ్వుండాలి."

దగ్గరలో ఒక బుడగ పగిలింది. అప్పుడు ఆ తల, నెమ్మదిగా, మరొక్కసారి కిందికి వంగి లేచింది.

నూరిస్ ఆ మట్టినుదుటి మీద గట్టిగా ముద్దుపెట్టి, పెదవులకంటిన అగ్నిపర్వతాన్ని ఉమ్మేసి, ఆనందం పట్టలేక రూబియెల్ వైపు సాగింది.

"ఒప్పుకున్నాడు!"

"ఎవరు?"

"నాన్న!"

"ఏ నాన్న?" అన్నాడు రూబియెల్ నీరసంగా. "నువ్వు ముద్దుపెట్టింది మా నాన్న నుదుటిన."

నిజానికి దోన్ అబుందియో ఆ మూల తలూపుతూ కూర్చున్నది ముడులు లెక్కపెట్టుకోవడానికి. ఆయన నడుముకు చుట్టుకుని వచ్చిన తెల్లతాడుకు బారెడు బారెడుకు ఒక ముడి ఉంది. చివర, నోటరీ కచేరీకి ఒకప్పుడు వేసిన బ్రహ్మాండమైన తాళంకప్ప, కొక్కెం తెరుచుకుని వేలాడుతోంది. తాడు అయిపోయినా తాళం ఎక్కడా ఆనకపోతే, అడుగు లేదని శాశ్వతంగా నమోదు చేసి, ఆ భూగోళం మాస్టారి నోరు మూయించాలన్నది ఆయన సంకల్పం. నూరిస్ అటు వెళ్ళగానే రెండు మూరల దూరానికి తేలివచ్చిన దోన్ ఎవరిస్తో కూడా తువ్వాలు చాటున బట్టలారేసే ఆకుపచ్చ తాడు వదులుతున్నాడు. దాని చివర వంటింటి తలుపుకు అడ్డుపెట్టే పాత ఇనుప ఇస్త్రీపెట్టె ఉంది. అది అడుగును తాకి టప్పుమంటే ఆ నోటరీ వంశమంతా సిగ్గుతో తలదించుకోవాలన్నది ఈయన సంకల్పం.

ఇక విధి అనే మూడో శాస్త్రవేత్త రంగంలోకి దిగింది. ఎవరిస్తో తాడు ఆసాంతం దిగిపోయింది. ఇస్త్రీపెట్టె ఎక్కడా ఆనలేదు. ఆయన గుండె జారింది. సరిగ్గా అప్పుడే పక్కనుంచి దిగుతున్న అబుందియో తాళం, చీకటి బురదలో, ఇస్త్రీపెట్టె పిడిలో చిక్కుకుని ఆగిపోయింది. అబుందియో గుండె కూడా జారింది: తాడు ఇంకా మిగిలుండగానే అడుగు తగిలింది! ఇటు ఎవరిస్తోకు తాడు చటుక్కున బరువెక్కింది: అడుగు లేకపోవడమే కాదు, అక్కడెవరో ఉన్నారు. ఆయన బెదిరి ఒక్క గుంజు గుంజాడు.

"అడుగు పైకొస్తోంది!" అని కేక వేశాడు దోన్ అబుందియో, తన తాడును బలంగా బిగించి పట్టుకుంటూ.

"కిందనుంచి ఎవడో లాగుతున్నాడు!" అని అరిచాడు దోన్ ఎవరిస్తో.

అంతలో మధ్యలో కూర్చున్న లావుపాటి ఆవిడ సిలువ గుర్తు వేసుకుని, ఆ రెండు వాక్యాలనూ కలిపి ఒకే వాక్యం చేసింది. "దయ్యం! పాదిరీ తొక్కిపెట్టిన దయ్యం పైకొస్తోంది!"

బురదలో పారిపోవడమంత గౌరవప్రదమైన పని మరొకటి లేదు. ఎంత తొందరపడితే అంత నిదానంగా సాగుతుంది. మహాసామ్రాజ్యాలు కూలినప్పుడు కూడా జనం ఇంత ఠీవిగా పరుగెత్తి ఉండరు. ఒక్కటే నిచ్చెన, దాని కింద పాతిక మంది ఒకే రంగు మనుషులు, ఎవరి కాలు ఎవరిదో తెలియక పక్కవారి కాలును తమదనుకుని పైమెట్టు మీద పెట్టుకుంటూ, కన్యమరియను పేరుపెట్టి పిలుస్తున్నారు.

"ఒక్కొక్కళ్ళు రండి! ఒక్కొక్కళ్ళు! దయ్యం ఎక్కడికీ పోదు!" అని విల్మర్ ధైర్యం చెప్పాడు. అందరికంటే ముందు ఒడ్డెక్కింది అతడే.

చివరికి గుంటలో ఇద్దరు ముసలివాళ్ళే మిగిలారు. నూరిస్ పైనుంచి, "నాన్నా, వచ్చెయ్!" అని అరుస్తోంది. ఎవరిని పిలవాలో ఈసారి రూఢి చేసుకోలేక ఇద్దరినీ చూస్తూ అరుస్తోంది.

"మీరు పోరా?" అంది ఒక బొమ్మ.

"నా చేతిలో తాడుంది."

"నా చేతిలోనూ ఉంది."

ఇద్దరూ ఒకరి చేతి వైపు ఒకరు వంగి చూశారు.

"మీది ఏ రంగు మాస్టారూ?"

"ఆకుపచ్చ. మీది మాస్టారూ?"

"తెలుపు. దయ్యమైతే రెండు తాళ్ళూ ఒక్కసారే లాగదనుకుంటా."

"నాకూ అదే సందేహం. చూద్దామా?"

"చూడకుండా ఎలా పోతాం?"

ఇన్నేళ్ళ సంగ్రామంలో ఆ ఇద్దరూ ఏకీభవించిన మొదటి వాక్యం అదే. ఇద్దరూ ఊపిరి బిగబట్టి లాగారు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. వీరు తవ్వకుండానే, దీర్ఘమైన ఒక చప్పుడుతో, ఇస్త్రీపెట్టెను పట్టారు. దాని పిడిని కౌగిలించుకుని, ఆ గుంజులాటలో కొక్కెం మూసుకుని బిగుసుకుపోయి, తాళంకప్ప వేలాడుతోంది.

"అది మా అమ్మ ఇస్త్రీపెట్టె!" అంది నూరిస్.

"అది మా నాన్నగారి కచేరీ తాళం!" అన్నాడు రూబియెల్.

"కచేరీయా?" అన్నాడు దోన్ ఎవరిస్తో మెల్లగా. "ఏ కచేరీ?"

"నోటరీ కచేరీ," అన్నాడు దోన్ అబుందియో, రొమ్ముదాకా బురదలో ఉన్న మనిషికి సాధ్యమైనంత హుందాగా. "భూగోళం మాస్టారు తమరేనా?"

మాట్లాడవలసింది చాలా ఉన్నా మాట్లాడడం కుదరలేదు. కొండ దిగాక, మడుగు దగ్గర ఒళ్ళు కడిగే దీగ్న పెద్దమ్మ పాలనలో మాటలకు చోటులేదు. ఆమె ఇద్దరినీ భుజాలు పట్టి నీళ్ళలో కూలేసి, సొరబుర్ర డొప్పతో నెత్తిన నీళ్ళు గుమ్మరించింది. "తల వంచండి. లోకం అడుగు తర్వాత చూద్దురు గాని, ముందు మీ చెవుల అడుగు చూడనివ్వండి. ఛీ, ఈ వయసులో ఇనుము కట్టుకుని స్నానానికొస్తారా ఎవరైనా?"

బురద కరిగి రెండు ముఖాలు బయటపడ్డాయి. ఎవరిస్తో ఇన్నేళ్ళుగా ఊహించుకున్న ముఖానికి కొమ్ములుండేవి. కళ్ళెదుట ఉన్నదానికి జలుబు ఉంది. కొంత నిరాశతో ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, నేను సత్యాన్ని దాచేవాణ్ణి కాదు. నా తాడంతా దిగింది. అడుగు తగల్లేదు. మీదే నిజం. ఆ కొండకి అడుగు లేదు."

"ఎంత మాట! నా తాళం ఆగిపోయింది, నేనే సాక్షి. అడుగు ఉంది. మీదే నిజం."

"లేదంటున్నాగా!"

"ఉందని నా చేతికి తెలిసిందయ్యా! మీ చేతికి తెలీకపోతే నేనేం చెయ్యను?"

"ఆయనకి తగిలిన అడుగు అమ్మ ఇస్త్రీపెట్టె నాన్నా," అంది నూరిస్. "నిన్ను లాగింది ఆయన తాళం. ఇద్దరూ ఏదీ తేల్చలేదు."

పాఠంలో లేని జవాబు సరిగ్గా చెప్పిన విద్యార్థిని చూసినట్టు, పండితులిద్దరూ ఆమెను నిరుత్సాహంగా చూశారు. అంతమంది సాక్షుల ఎదుట ఒకసారి మార్చుకున్న అభిప్రాయాన్ని మళ్ళీ మార్చుకోవడం పండితలక్షణం కాదు.

దోన్ అబుందియో మాట మార్చాడు. "ఇంతకీ మీ అమ్మాయి నాతో ఒక మాట చెప్పింది."

రూబియెల్ నీళ్ళలో మునగడానికి ప్రయత్నించాడు. మడుగు మోకాలి లోతే. నూరిస్ చుట్టూ చూసింది: చేప లేదు, కొబ్బరి అన్నం లేదు, తృప్తిగా నిట్టూర్చే తండ్రి లేడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

దోన్ ఎవరిస్తో కూతురి వైపు తిరిగాడు. పెళ్ళి సంగతి కాదు ఆయనకు గుచ్చుకున్నది.

"నాకు చెప్పకుండా, ఈయనకి చెప్పావా?"

"నీకే చెప్పా నాన్నా. నువ్వే అనుకున్నా."

"కళ్ళద్దాల దుకాణం పెట్టుకుని!" అన్నాడాయన. "ఏం చెప్పావ్?"

"నువ్వు రాకపోతే పెళ్ళొద్దన్నా. పెళ్ళయ్యాక కూడా పొద్దున్న కాఫీ నీతోనే అన్నా."

"దానికి నేనేమన్నా?"

"తల ఊపావు."

ఎవరిస్తో పక్కకు తిరిగాడు. దోన్ అబుందియో, చెవుల్లోంచి నీళ్ళు కారుతుండగా, కచేరీలో కూర్చున్నవాడిలా నిటారుగా అయ్యాడు. "వాస్తవం నమోదు కావాలి. మొదటి ఊపులన్నీ ముడులవి. నేను లెక్కపెట్టుకుంటున్నా. కాఫీ మాట విన్నాక ఊపింది మాత్రం నేనే. మా ఇంట్లో పొద్దున్న నాతో కాఫీ తాగేవాళ్ళెవరూ లేరయ్యా. వీడు లేచేసరికి చల్లారిపోతుంది."

"నాన్నగారూ!" అన్నాడు రూబియెల్.

"నువ్వు ఊరుకో."

దీగ్న పెద్దమ్మ కూడా డొప్ప పట్టుకుని ఆగిపోయింది. భూగోళం మాస్టారు ముక్కు తుడుచుకున్నాడు. శత్రువు ముఖాన్ని పరిశీలించాడు, కూతురి ముఖాన్ని పరిశీలించాడు. చివరికి, ఏదో ఖండాంతర సమస్య పరిష్కరించినవాడిలా చెయ్యెత్తాడు.

"నా వేషంలో ఊగిన తల నాదేనని ఒప్పుకోక తప్పదు. రాసుకోండి నోటరీగారూ."

పెళ్ళి డిసెంబరులో జరిగింది. ఆ సాయంత్రం దోన్ ఎవరిస్తో వియ్యంకుడి ఇంట కాఫీ తాగాడు. శపథం శపథమే కనుక, కార్తహేనా వీధి పిల్లలు ఆయన భూగోళంతో చీకటి పడేదాకా బంతాట ఆడారు, ఆయనే దగ్గరుండి మహాసముద్రాల పేర్లు చెబుతూ ఆడించాడు. ఇస్త్రీపెట్టె, తాళం ఇప్పటికీ విడివడలేదు. వర్షాకాలం ఒక ఇంటి తలుపుకు, ఎండాకాలం మరో ఇంటి తలుపుకు అడ్డంగా ఉంటున్నాయి. ఆకుపచ్చ తాడువాడు ఆవులింతకు అడుగు లేదనీ, తెల్లతాడువాడు ఉందనీ తపాలాలో తిట్టుకోవడం యథావిధిగా సాగుతోంది. ఆనాటి తొక్కిసలాటలో నోటరీగారి జేబులోంచి జారి బురదపాలైన తాళంచెవి కొండ అడుగున పడి ఉందన్న ఒక్క విషయంలో మాత్రం వియ్యంకులిద్దరికీ ఎలాంటి భిన్నాభిప్రాయమూ లేదు.